బతుకమ్మ మీద కొబ్బరికాయ

రూపాయికి కొత్త గుర్తు వచ్చిన ఏడాది మా విద్యార్థులు ఏ బిల్లు టైపు చేసినా అంకె ముందు ఒక ఖాళీ డబ్బా వచ్చి కూర్చునేది. ఫాంట్‌లో ఆ గుర్తును ఇంకా ఎవరూ గీసి పెట్టలేదని దాని అర్థం. మా ఇన్‌స్టిట్యూట్ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఒక చీరల దుకాణం పై అంతస్తులో ఉండేది. కింద ఒకటి కొంటే ఒకటి ఉచితమని మైకు అరుస్తుంటే పైన మేం డీటీపీ నేర్పేవాళ్ళం. నేను పేజీ కూర్చడం చెప్పేదాన్ని. నాతోపాటు పనిచేసే ఇంకొక ఆమె బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ చెప్పేది. ఆమెది గుంటూరు వైపు. పెళ్ళయ్యాక వచ్చి చైతన్యపురిలో ఒక సందులో కిరాయికి ఉండేది. నాది నల్లగొండ జిల్లా పల్లె. ఎల్‌బీ నగర్‌లో మా అమ్మా, నేనూ ఉంటాం. వయసులో నాకంటే చిన్నది కనుక ఆమె నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. ఎవరితోనో ఒకరితో వాదన పెట్టుకోకుండా నాకు రోజు గడవదని ఆమెకు తెలుసు. పొద్దున నేను మెట్లెక్కి రాగానే, "అక్కా, ఇవాళ మీ కోర్టు ఎన్నింటికి?" అని అడిగేది.

ఆ రోజుల్లో కొందరు కలిసి తెలుగుకు ఒక ఓపెన్ సోర్స్ ఫాంట్ తయారు చేస్తున్నారు. ఓపెన్ సోర్స్ అంటే మా పిల్లలకు నేను చెప్పే పాఠం ఇది: ఎవరైనా గీయవచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇచ్చినదాన్ని మళ్ళీ వెనక్కి అడగకూడదు. చేసినవాళ్ళకు దక్కేది ఒక్కటే. ఏది ఎవరు గీశారో వాళ్ళ పేరు ఫాంట్ లోపల రాసి ఉంటుంది. ఫాంట్ ఎక్కడికి పోతే అక్కడికి ఆ పేరు కూడా పోతుంది. జీతం లేదు, శాలువా లేదు, పేరు మాత్రం ఉంటుంది.

మేమిద్దరం రూపాయి గుర్తు గీసి ఆ ఫాంట్‌కు ఇచ్చాం. ఇచ్చి ఊరుకుంటే నేనెందుకవుతాను. ఆ ఫాంట్‌లో అంతకుముందే ఉన్న గుర్తుల పట్టిక తెరిచి చూశాను. చదరంగం గుర్రం ఉంది. పేకముక్కల జాకీ, ఇస్పేటు ఉన్నాయి. మంచు రేకు ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మంచు ఎప్పుడు కురిసిందో నాకు తెలియదు. మా ఇళ్ళల్లో వాడే వస్తువు ఒక్కటీ లేదు. చాట లేదు, రోలు లేదు, బోనం లేదు. ఇది ఏ ఊరి తెలుగు అని ఫాంట్ బృందానికి ఒక పెద్ద మెయిల్ రాశాను. అయితే మీరే గీయండి మేడమ్ అని రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. నోరున్నవాళ్ళకు పని అంటగట్టడం అలాంటి చోట్ల పద్ధతి.

అలా మొదలైంది. మధ్యాహ్నం పూట, క్లాసులు లేని గంటల్లో, కూలరు ఉన్న గదిలో కూర్చుని గీసేవాళ్ళం. నేను గ్రాఫ్ కాగితం మీద పెన్సిలుతో ఆకారం పట్టుకునేదాన్ని. ఆమె దాన్ని తెర మీద బిందువులుగా, వంపులుగా కట్టేది. తక్కువ బిందువులతో ఎక్కువ వంపు తేవడంలోనే నేర్పంతా ఉంటుంది. ముగ్గు పెట్టే చెయ్యికి అది త్వరగా వస్తుంది. ఆమెకు వచ్చింది. చాట సులువుగానే కుదిరింది. రోలు కుదిరింది. బతుకమ్మ దగ్గర నేను మునిగిపోయాను.

కాగితం మీద పెద్దగా గీస్తే ముచ్చటగా ఉండేది. తంగేడు వరస, గునుగు వరస, బంతి వరస, పైన గుమ్మడిపువ్వు, అందులో పసుపు గౌరమ్మ. దాన్ని అక్షరమంత సైజుకు తగ్గించగానే పూలన్నీ కలిసిపోయి సిరా మరకయ్యేది. ఇంకొంచెం తేలిక చేస్తే ఇడ్లీల దొంతరలా ఉండేది. వారాల తరబడి అదే పని. చిన్నప్పటి నుంచి చేత్తో పేర్చినదాన్ని, గీతలోకి తేలేకపోవడం నాకు అవమానంగా ఉండేది.

ఒకరోజు ఆమె నా కాగితం వైపు చాలాసేపు చూసి అంది. "అక్కా, మీరు పూలు గీస్తున్నారు. పూలు తీసేసి వరసల మధ్య సందులు గీస్తే?"

"సందులు గీస్తే బతుకమ్మ ఎట్లయితది?"

"దూరం నుంచి చూసేవాళ్ళకి సందులే కనిపిస్తాయక్కా. మా సందు మొదట్లో ఆడతారు కదా, నేను గేటు దగ్గర నిలబడి చూస్తాను. పువ్వు ఒక్కటీ ఆనదు. గుండ్రటి చారలు, పైకి పోయేకొద్దీ చిన్నవవుతూ. అంతే."

నల్లటి గోపురం లాంటి ఆకారంలో కొద్దిగా వంగిన తెల్లటి చారలు తీసింది. తగ్గించి చూశాం. తగ్గించేకొద్దీ ఇంకా బతుకమ్మ అయింది. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన సంతోషం తర్వాత ఎప్పుడూ కలగలేదు. పేర్ల ఫైలులో ఆ గుర్తు ఎదురుగా మొదట ఆమె పేరు, తర్వాత నాది నేనే టైపు చేశాను. నా పేరు కూడా ఎందుకంటే, ఆమె ఊరుకోలేదు.

ఓపెన్ సోర్స్ పనిలో ఒక పద్ధతి ఉంది. ముందు పెట్టెయ్, తర్వాత దిద్దుకో. అందరూ చూస్తారు, తప్పుంటే ఎవరో ఒకరు చెబుతారని. ఫాంట్ బృందం పరీక్ష కాపీ అడుగుతోందని, ఆ సాయంత్రం నేను బస్సుకు పోయాక ఆమె శిఖరం కూడా పూర్తిచేసి అందరికీ కనబడే చోట పెట్టేసింది. మర్నాడు నేను దాన్ని ప్రింటు తీసి ఇంటికి పట్టుకుపోయాను. మా అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. ఆమె ముందు పెట్టాను.

"గిదేంది బిడ్డా, బతుకమ్మ మీద కొబ్బరికాయ ఎవ్వలు పెట్టిన్రు?"

"కొబ్బరికాయ గాదమ్మా, గౌరమ్మ."

"గౌరమ్మకు పిలక ఉంటదా? నా కండ్లు మసకగానీ మతి మసక గాదు."

చూస్తే నిజమే. చక్కగా పీచు పిలకతో సహా కొబ్బరికాయ. గుంటూరు వైపు ఇంట్లో పుట్టిన పిల్ల. పూజకు సంబంధించినది ఏదైనా పైకి సన్నబడిందంటే దాని కొసన కొబ్బరికాయే ఉంటుందని ఆమె చెయ్యికి తెలుసు. కలశం మీద ఉన్నట్టే ఇక్కడా పెట్టింది.

"పాపం గా పిల్లకేమెరుక," అంది అమ్మ. పసుపు తడిపి ముద్ద చేసి, గౌరమ్మను నిలబెట్టి టిఫిను డబ్బా మూతలో పెట్టి ఇచ్చింది. "తీస్కపోయి చూపియ్యి. మొత్తుకోకు, నిమ్మలంగ చెప్పు."

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో చూపించాను. ఆమె నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఇంట్లో కొబ్బరికాయ లేకపోతే పంతులుగారు పూజే మొదలుపెట్టరక్కా." కూర్చున్న చోటే దిద్దింది. పిలక పోయింది, చిన్న పసుపు ముద్ద ఆకారం వచ్చింది. దిద్దినదాన్ని పాతదాని చోట పెట్టాం. పని అయిపోయిందనుకున్నాం.

ఆ దసరాకు తెలంగాణ ఉద్యమం రోడ్డు మీదే ఉంది. ఆడవాళ్ళు చౌరస్తాల్లో బతుకమ్మ ఆడడమే నిరసన. నేనూ పోయేదాన్ని. సమ్మె శిబిరంలో కూర్చున్నాను, నినాదాలిచ్చాను, నా గొంతు నాకు పనికొచ్చిన చోట్లలో అదొకటి. ఒక పొద్దున ఎల్‌బీ నగర్ నుంచి వచ్చే బస్సు కిటికీలోంచి దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో బస్సంత ఎత్తు ఫ్లెక్సీ చూశాను. దాని మీద మా బతుకమ్మ. తెర మీద గోరంత ఉన్నది అంత ఎత్తున నిలబడి ఉంది. గుండె పొంగింది. బస్సు కొంచెం ముందుకు జరిగాక శిఖరం కనబడింది. కొబ్బరికాయ, పిలకతో సహా.

ఏమైందో నేను అడగక్కర్లేదు. ఫ్లెక్సీ షాపువాడు ఆ ఒకటి రెండు రోజులు బయట ఉన్న పరీక్ష కాపీని దించుకున్నాడు. ప్రింటుకు పంపేముందు అక్షరాలను, గుర్తులను వట్టి గీతలుగా మార్చేస్తారు, ఏ మిషనులోనైనా చెదరకుండా రావాలని. అలా మార్చాక అది ఫాంట్‌తో సంబంధం తెగిన బొమ్మ. మేం ఫాంట్‌లో ఎన్నిసార్లు దిద్దినా దానికి తెలియదు. షాపువాడి సీడీలోకి ఎక్కిన బొమ్మ ఇక దిగదు. సరూర్‌నగర్‌లో అదే, కొత్తపేటలో అదే, హయత్‌నగర్ దాకా అదే.

మొదటి రోజు ఆడవాళ్ళు నవ్వుకున్నారు. రెండో రోజుకు నవ్వు పోయింది. పండుగను ఖరాబు చేయడానికే కావాలని పెట్టారన్నారు ఎవరో. ఆంధ్రా బతుకమ్మ అని పేరు పడింది. కంప్యూటరు తెలిసినవాడు ఒకడు ఆరా తీసి, షాపువాడి దగ్గర ఫాంట్ తెరిచి లోపల పేర్లు చదివాడు. ఇంటిపేరు వింటే జిల్లా చెప్పగలిగేవాళ్ళకు మన దగ్గర కొదవ లేదు.

మా కాలనీ కమిటీలో తిరిగే మనిషి, మా పక్క ఊరివాడే, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి వచ్చాడు. ఆమె పక్క గదిలో క్లాసు చెబుతోంది. మధ్యలో ప్లైవుడ్ గోడ.

"అక్కా, నువ్వు మనదానివి. లొల్లి పెద్దగయితుంది. అది నేనే గీసిన, దిద్దిన అని చెప్పు. ఆమె పేరు తీసెయ్యి. ఒడుస్తది."

"గీసింది ఆమె. నేను గీసిన్నని ఎట్ల చెప్పాలె?"

"కొబ్బరికాయ పెట్టింది గదా."

"మా అమ్మ చెప్పంగనే తీసేసింది. నీ ఫ్లెక్సీ షాపోడు ఇంక తియ్యలే. పేరు తీసుడుంటే ముందు గాయినది తియ్యి."

వెంట వచ్చినవాళ్ళలో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. కమిటీ మనిషి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నీకు తెల్వంది గాదక్కా. టైం గట్లుంది."

"టైం సంగతి నాకు చెప్పకు. శిబిరంల నీకంటె ముందుగాల కూసున్న. మన కష్టం మీద ఇంకొకరు పేరు రాసుకుంటున్నరనే గదా మన లొల్లి? ఇప్పుడు ఆమె కష్టం మీద నా పేరు రాసుకొమ్మని నువ్వే చెప్పవడ్తివి. మరి మనం రోడ్డెక్కింది దేనికి?"

"నీతోని మాట్లాడుడు కష్టమక్కా."

"కష్టమైతే మెట్లెందుకెక్కినవ్?"

దిగి వెళ్ళిపోయారు. నేను గెలిచాననుకున్నాను. పక్క గదిలో పాఠం ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు. తలుపు తీస్తే పిల్లలందరూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు, తెర మీద ఏమీ లేదు. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది.

రెండు రోజులు సెలవు పెట్టింది. మూడోనాడు వచ్చి, అన్నం డబ్బాలు విప్పుకున్నాక, గోంగూర నా వైపు జరుపుతూ చెప్పింది. "అక్కా, బతుకమ్మకి నా పేరు తీసేయమని నేనే ఫాంట్ వాళ్ళకి మెయిల్ పెట్టాను."

కలిపిన ముద్ద డబ్బాలోనే వదిలేశాను. "ఎవడన్న ఇంటికొచ్చి బెదిరించిండా? చెప్పు, నేనొస్త."

"ఎవరూ బెదిరించలేదు. పాలప్యాకెట్టు కోసం వెళితే కొబ్బరికాయమ్మ వచ్చిందంటున్నారు. అంతే. ఇంట్లోనేమో మా ఆడపడుచు, మనల్ని పొమ్మంటుంటే వాళ్ళ పండక్కి బొమ్మలేసిపెడుతున్నావా అంటుంది. రెండువైపులా నేనే దొరికాను."

"అంటే నీ గీత నీది గాదంటవా?"

"నాదే. నాదని నాకు తెలుసు, మీకు తెలుసు. చాలదా?"

"చాలదు," అన్నాను. నాకు తెలిసిన కారణాలన్నీ చెప్పాను. ఈ రోజు భయపడి తీసేస్తే రేపు మొత్తం చరిత్రలోనే ఉండవన్నాను. గేటు దగ్గర నిలబడి చూసిన ఆ చూపు లేకపోతే ఆ గుర్తే లేదన్నాను. ఫాంట్ వాళ్ళతో, కమిటీతో, ఆడపడుచుతో, అందరితో నేను మాట్లాడతానన్నాను. ఆమె అంతా విన్నది. మధ్యలో నా డబ్బాలో నెయ్యి వేసింది కూడా.

"మీరు గెలుస్తారక్కా. మీ మీద ఎవరు గెలిచారు గనక. గెలిచి సాయంత్రానికి మీరు ఎల్‌బీ నగర్ బస్సెక్కేస్తారు. నేను ఆ సందులోనే ఉండాలి."

అప్పటి నుంచి ఎన్నిసార్లు ఆ మాటను తిరగేసి చూశానో, ఎక్కడా పట్టు దొరకలేదు.

అయినా ఊరుకోలేదు. ఫాంట్ పని చూసే పెద్దమనిషికి ఫోను చేశాను. ఎక్కడో బెంగుళూరులో ఉంటాడు, మర్యాదస్తుడు. మర్యాదస్తులతో వాదించడం గోడకు సున్నం వేసినట్టు, ఎంత రాసినా తెల్లగానే ఉంటుంది.

"ఆవిడే స్వయంగా అడిగారు మేడమ్. మేం కాదనకూడదు."

"అయితే నా పేరూ తీసెయ్యండి."

"ఇద్దరూ తీసేయమంటే ఎలా మేడమ్? గుర్తు ఎవరిచ్చారని రేపు ఎవరైనా అడిగితే ఒక పేరుండాలి కదా. లేకపోతే ఎక్కడో కొట్టుకొచ్చారంటారు."

"అయితే బతుకమ్మనే తీసెయ్యండి. మా గుర్తు మాకు వద్దు."

"ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు మేడమ్. మీకు తెలుసు కదా."

తెలుసు. నల్లబోర్డు మీద రాసి మరీ చెప్పే పాఠం. ఫాంట్ విడుదలైంది. బతుకమ్మ ఎదురుగా ఒక్క పేరే ఉంది, నాది. అది తప్పని మెయిళ్ళు రాశాను. మీ అభిప్రాయం గమనించాం అని ప్రతిదానికీ జవాబు వచ్చింది. కొంతకాలానికి అదీ రావడం మానేసింది.

ఆమె ఇన్‌స్టిట్యూట్ మానేసి, అదే రోడ్డు మీద ఇంకోచోట అకౌంట్ల సాఫ్ట్‌వేర్ చెప్పడానికి చేరింది. బొమ్మలకు డిమాండ్ తగ్గిందక్కా అంది. నేనూ అవునన్నాను. ఇద్దరం వాదించుకోకుండా ఒప్పుకున్న మొదటి అబద్ధం అదే. మేం సగం చేసిన గుర్తులు అలాగే ఉండిపోయాయి. కావడి బద్దకు ఒకవైపే కుండ ఉంది. గంగిరెద్దు మూపురం దాకా వచ్చి ఆగింది. ఒంటరిగా పూర్తి చేద్దామని కూర్చున్నాను. ఆకారం వచ్చేది, వంపు వచ్చేది కాదు. అవి చూస్తే చచ్చిన పశువును నిలబెట్టినట్టు ఉండేది. ఫైలు మూసేశాను.

తెలంగాణ వచ్చింది. నేను కోరుకున్నదే వచ్చింది, అందులో నాకు రెండో మాట లేదు. బతుకమ్మ ఆఫీసుల ఆహ్వానపత్రాల మీదికి, చీరల సంచుల మీదికి, కేలండర్ల మీదికి ఎక్కింది. ఎక్కువచోట్ల మా గుర్తే, గౌరమ్మతో ఉన్న సరైనదే. ఆ తెల్లటి చారలను నేను ఎక్కడైనా పోల్చుకుంటాను. తెలిసినవాళ్ళు అభినందించడం మొదలుపెట్టారు. మహిళా దినోత్సవానికి పిలిచి వేదిక మీద కూర్చోబెట్టారు. నేను గీసింది కాదని మైకులో చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఎంత వినయం అన్నారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నన్ను ఆ మాట అన్నవాళ్ళు లేరు. మరి గీసిందెవరు అని ఒక్కరూ అడగలేదు. అడిగినా పేరు చెప్పడానికి నాకు హక్కు లేదు, ఆమె తీసేసుకున్న పేరు అది.

మేం విడిపోలేదు. అదే మరీ బాధ. కూరగాయల బండి దగ్గర కలిసేవాళ్ళం, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్ళం, పండక్కి ఇళ్ళకు పోయేవాళ్ళం. తెలంగాణ వచ్చాక ఒక దసరాకు నేను పోయేసరికి వాళ్ళమ్మాయి హాల్లో నేల మీద చార్టు పరుచుకుని కూర్చుంది. బడిలో అందరూ బతుకమ్మ మీద చార్టు తేవాలట. మధ్యలో నెట్ నుంచి ప్రింటు తీసిన బతుకమ్మ అంటించి ఉంది, మాదే.

"ఆంటీ, ఇది మీరే గీశారంట కదా. అమ్మ చెప్పింది. మా టీచరుకి కూడా చెప్పాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"నేను గాదు బిడ్డా. మీ అమ్మ గీసింది."

పిల్ల నవ్వింది. "అమ్మకి బతుకమ్మ పేర్చడమే రాదు ఆంటీ."

ఆమె కాఫీ గ్లాసులతో వచ్చింది. ఒకటి నా చేతికిచ్చి, పిల్ల వెనక నిలబడింది. "ఆంటీ అందరితో అలాగే అంటారులే. నువ్వు రాసుకో," అంది. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. పిల్ల ఆ బడిలో ఇంకా చాలా ఏళ్ళు చదువుకోవాలన్న సంగతి ఉంది.

ఆ ఇంట్లో, ఆ పిల్ల ముందు, వాళ్ళమ్మ అబద్ధం చెబుతోందని నిరూపించడానికి నాకు రెండు నిమిషాలు చాలు. పాత ఫైళ్ళన్నీ నా దగ్గర ఉన్నాయి, తారీఖులతో సహా. కాఫీ గ్లాసు చేతిలో కాలుతోంది. దాన్ని కింద పెట్టి, పైకి లేస్తున్న చార్టు మూలను వేలితో నొక్కి పట్టుకున్నాను.

పిల్ల ఎర్ర స్కెచ్ పెన్నుతో బతుకమ్మ కింద నా పేరు రాసింది. ఒక్కో అక్షరం నిదానంగా, తల్లి చెయ్యిలాగే వంపులు తిప్పుతూ. రాసి, ఆరాలని నోటితో ఊది, చార్టు నా వైపు తిప్పింది.

"కరెక్టేనా ఆంటీ?"

"కరెక్టే," అన్నాను.